పనివాడి ‘కాదు’



1977లో ఇంగ్లాండులో క్రాస్ అనే పంక్ సంగీత బృందం మొదలైంది. నల్లబట్టలు, కేకల్లాంటి పాటలు, ఏలేవాడే వద్దనే అరాజకవాదం. వారి తొలి రికార్డుకు ‘ఐదువేలమందికి ఆహారం’ అని అర్థమిచ్చే పేరు పెట్టారు. మన ప్రభువు రొట్టెలు పంచిన అద్భుతం పేరే! అందులో మొదటి పాట మాత్రం ఆయనను దూషించేది. రికార్డులు అచ్చువేసే ఐర్లాండు కర్మాగారపు పనివారు దాన్ని ముట్టమన్నారు. బృందం ఆ చోట నిశ్శబ్దం ఉంచి, ‘వాక్ స్వాతంత్ర్యపు ధ్వని’ అని వెటకారంగా పేరు పెట్టింది.

మేమడిగేది ఒక్కటే. ఎవరికీ లోబడవద్దని బోధించినవారు, పనివాడు తమకు లోబడకపోతే వెక్కిరించడమేమిటి? స్వేచ్ఛ పాడే గొంతుకేనా, పనిచేసే చేతికి లేదా?

వారిలో మంచే లేదనము. యుద్ధాన్ని ఎదిరించారు. ఇంతకు మించి ఇవ్వవద్దని రికార్డు అట్టమీదే ధర అచ్చువేశారు. క్రైస్తవ పాటలు అమ్ముకొనేవారు అది చూసి సిగ్గుపడాలి. అయితే పేదవాని జేబును గౌరవించినవారు అతని మనస్సాక్షిని గౌరవించలేదు.

కాబట్టి పెద్దలారా, నల్లచొక్కా చూసి యౌవనస్థులను తరమకండి. యౌవనస్థులారా, అన్యాయానికి ‘కాదు’ అనండి. మీకు ‘కాదు’ అన్నవానిని కూడా మనిషిగానే చూడండి. ఆమేన్.