జవాబు పత్రం దాచిపెట్టి పాఠం నేర్చుకోమంటారా?

ఇంటర్ ఫలితాలొచ్చిన వారమంతా తప్పిన పిల్లల చెవుల్లో రెండే మాటలు మోగుతాయి. ఒకటి తిట్టు. రెండోది, ‘ఓటమే గెలుపుకి తొలిమెట్టు’ అన్న ఓదార్పు. తిట్టు కంటే ఓదార్పు మేలని చాలామంది అనుకుంటారు. నేనలా అనుకోను. ఎక్కడ తప్పిందో చూపించకుండా, ఓటమి నుంచి నేర్చుకో అని చెప్పి చేతులు దులుపుకోవడం ఆ పిల్లల్ని రెండోసారి ఫెయిల్ చెయ్యడమే.

నేర్చుకోవడమంటే ఏమిటో చూడాలంటే వెయిట్‌లిఫ్టింగ్ నేర్పే చోటికి వెళ్లండి. అక్కడ బరువు ఎత్తడంతో పాటు, వదిలెయ్యడమూ నేర్పుతారు. స్నాచ్‌లో, అంటే బార్‌ని ఒక్క ఊపులో తల పైకి ఎత్తేటప్పుడు, అది ముందుకి జారితే చేతులతో ముందుకి తోసి వెనక్కి తప్పుకోవాలి. తల వెనక్కి పోతే వదిలేసి ముందుకి దూకాలి. బార్ దబ్బున కింద పడుతుంది. ఎవరూ కంగారు పడరు, ఎవరూ నవ్వరు. కోచ్ అడిగేది ఒక్కటే: ఎక్కడ తప్పింది? తుంటి పూర్తిగా సాగకముందే మోచేతులు వంచేశావా? భుజాల మీంచి తల పైకి తోసే జర్క్‌కి ముందు మోకాళ్లు వంచినప్పుడు ఛాతీ వాలి బార్ ముందుకి పోయిందా? కారణం దొరికాక బరువు తగ్గించి, తప్పిన ఆ ముక్కనొక్కదాన్నే పదేపదే చేయిస్తాడు. ‘ఇంకా కసిగా ఎత్తు’ అని అరిచేవాడు కోచ్ కాదు. ప్రతి సెట్టూ కండరం మొరాయించేదాకా లాగాల్సిందేనని కుర్రాళ్లని రెచ్చగొట్టే జిమ్ములున్నాయి. అదీ మోసమే. మంచి లిఫ్టర్లు సాధనలో ఎక్కువ భాగం తాము శుభ్రంగా ఎత్తగలిగిన బరువులతోనే చేస్తారు. ఓటమి మొక్కాల్సిన దేవతేమీ కాదు, విప్పి చూడాల్సిన విషయం.

2016 రియో ఒలింపిక్స్‌లో మన వెయిట్‌లిఫ్టర్ మీరాబాయి చాను, బార్‌ని ముందు భుజాల మీదికీ తర్వాత తల పైకీ ఎత్తే క్లీన్ అండ్ జర్క్‌లో మూడు ప్రయత్నాలూ తప్పింది. మూడూ తప్పితే స్నాచ్‌లో ఎంత ఎత్తినా మొత్తం లెక్కలోకి రాదు. ఆ మరుసటి ఏడాది 194 కిలోలతో ప్రపంచ ఛాంపియన్ అయింది. 2021లో టోక్యోలో 202 కిలోలతో రజతం గెలిచింది. ఈ కథని ఇక్కడిదాకా చెప్పి చప్పట్లు కొట్టించుకునే ఉపన్యాసకులు బోలెడుమంది. నడుమ ఆమె వెనక నిలబడిన కోచ్ గురించీ, శిబిరం గురించీ, ఏళ్ల తరబడి దిద్దిన లోపాల గురించీ ఒక్క ముక్క చెప్పరు. ఓటమి తనంతట తానే ఆమెని గెలిపించినట్టు మాట్లాడతారు.

మన కరణం మల్లీశ్వరి సంగతి చూడండి. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్ 110, క్లీన్ అండ్ జర్క్ 130, మొత్తం 240 కిలోలతో కాంస్యం. చివరి ప్రయత్నం 137.5 కిలోలు, తప్పింది. స్వర్ణం గెలిచిన లిఫ్టర్ మొత్తం 242.5. ఆ 137.5 నిలిచి ఉంటే మల్లీశ్వరిది 247.5 అయ్యేది. తప్పిన ఆ అంకెని ఎవరూ దాచలేదు. ఎత్తిన బరువుతో పాటు తప్పిన బరువూ పోటీ పట్టికలో ఉంటుంది.

మరి మన చదువుల్లో? తెలంగాణ ఇంటర్ ఫిజిక్స్ పేపర్ 60 మార్కులకి. 21 వస్తే పాస్. మా వీధిలో ఒక అమ్మాయికి 19 వచ్చాయి. ఆ అంకె తప్ప ఆమె చేతిలో ఇంకేమీ లేదు. లెక్కల్లో ప్రమాణాలు రాయలేదా, పటం వెయ్యకుండా నిరూపణ రాసిందా, ఎనిమిది మార్కుల ప్రశ్న సగంలో వదిలేసిందా, అసలు దిద్దినవాళ్లే ఒక పేజీ తిప్పడం మర్చిపోయారా? తన చేత్తో తాను రాసిన పత్రం చూడాలంటే రుసుం కట్టాలి. నెల తిరిగేసరికి సప్లిమెంటరీ. మళ్లీ అవే నోట్సు, అదే బట్టీ, అదే తప్పు. ఈ నెల రోజులూ బంధువులు ఫోన్లు చేసి ఎడిసన్ బల్బు కథ చెబుతారు. ఎడిసన్‌కి తన ప్రయోగశాల ఉంది, తప్పిన ప్రతి తీగా కళ్ల ముందుంది. ఈ పిల్ల ముందు ఏముంది?

ఇక కాలేజీలు. ఊరు నిండా హోర్డింగుల మీద ర్యాంకులే. తప్పినవాళ్లని సొంత కాలేజే గేటు దగ్గర గుర్తుపట్టదు. వాళ్ల ఫీజు మాత్రం రూపాయి తగ్గకుండా తీసుకున్నారు. ఫలితాలొచ్చిన ప్రతిసారీ పిల్లల ఆత్మహత్యల వార్తలు చదువుతున్నాం. అయినా మనకి మాటలే చాలనిపిస్తున్నాయి.

జవాబు పత్రాలు ఇవ్వండంటే, లక్షల పత్రాలు ఎలా ఇస్తాం అంటారు అధికారులు. డబ్బు కట్టినవాళ్లకి స్కాన్ చేసి ఇవ్వగలిగినప్పుడు కట్టలేనివాళ్లకి ఎందుకివ్వలేరు? అందరికీ కాదు, ముందు తప్పినవాళ్లకివ్వండి. ఉచితంగా, అడగకుండానే, ఫలితాలొచ్చిన వారంలోగా. ఆ పత్రం ముందు పెట్టుకుని ప్రతి విద్యార్థితో ఒక గంట కూర్చునే బాధ్యత ఫీజు తీసుకున్న కాలేజీది. ప్రభుత్వ కాలేజీల్లో ఆ గంటకి లెక్చరర్‌కి అదనపు వేతనం ఇవ్వాలి. సప్లిమెంటరీ తేదీ ప్రకటించే ఉత్తర్వులోనే ఈ మాట కూడా రాయండి.