నెలవంక కోసం బస్సు ఆగదు

రంజాన్ నెలలో ఇరవయ్యో రోజా దాటిందంటే చాలు, దోమలగూడ, అశోక్‌నగర్, చిక్కడపల్లిలోని మన ఇళ్లలో ఒకటే ప్రశ్న: "ఊరికి ఎప్పుడు బయలుదేరుతున్నారు?" జవాబు మాత్రం ఎవరి దగ్గరా ఉండదు. పండుగ ఏ రోజో నెలవంక చెప్పాలి. అది కనబడే సరికి బస్సుల్లో సీట్లుండవు.

2024లో ఇరవై తొమ్మిదో రోజా సాయంత్రం నెలవంక కనిపించలేదు. ముప్ఫై పూర్తి చేసుకుని ఏప్రిల్ 11న ఈద్ జరుపుకున్నాం. మరుసటి ఏడాది ఇరవై తొమ్మిదితోనే నెల ముగిసి మార్చి 31న ఈద్ వచ్చింది. ఆ రెండేళ్లూ ఉగాది పక్కనే పడింది, 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న. మన రద్దీకి హిందూ సోదరుల రద్దీ కూడా తోడైంది. చాంద్రమాన సంవత్సరం పది పదకొండు రోజులు తక్కువ గనుక ఈద్ ఏటేటా ముందుకు జరుగుతూ, లెక్క ప్రకారం 2032లో జనవరి మధ్యకు, అంటే సంక్రాంతి దగ్గరకు చేరుతుంది. సంక్రాంతికి హైదరాబాద్ ఎలా ఖాళీ అవుతుందో చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

రైల్వేవారు 2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువును 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించారు. కనుక షాబాన్ నెల మొదట్లోనే ఈద్ ప్రయాణం సంగతి ఆలోచించుకోవాలి. అప్పటికి తేదీలో ఒకటి రెండు రోజుల సందేహమే మిగులుతుంది. ఆ సందేహానికి విరుగుడుగా కొందరు రెండు తేదీలకూ టికెట్లు కొని, నెలవంక కనబడ్డాక ఒకటి రద్దు చేసుకుంటున్నారు. ఈ ఉపాయం మాకు నచ్చదు. డబ్బు వారిదే కావచ్చు, కానీ చివరి ఘడియ దాకా పట్టి ఉంచిన ఆ సీటు మరొక కుటుంబానికి అక్కరకు వచ్చేది.

అసలు చాంద్ రాత్‌నే ఇల్లు చేరాలన్న పట్టుదల ఎక్కడిది? అది రివాజే గాని దీన్ కాదు. ఆ రాత్రి ఇమ్లీబన్ బస్టాండుకు వెళ్లి చూడండి. బురఖాలో చంటిబిడ్డను ఎత్తుకున్న తల్లి తలుపు దగ్గర నలిగిపోతుంటుంది. ఇఫ్తార్ ఖర్జూరంతోనే సరిపెట్టిన ముసలాయన నిలబడే ప్రయాణం చేస్తాడు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. పేదింటి ఆడవారికి అది పెద్ద ఊరటే. అయితే టికెట్ లేకపోయినంత మాత్రాన చోటు దొరకదు గదా! అందుకే ఆడవారిని, పిల్లలను, వృద్ధులను మూడు నాలుగు రోజుల ముందే పంపించండి. మగవారు వీలునుబట్టి వెళ్లవచ్చు, లేదా ఈద్ నమాజు ఇక్కడే చేసుకుని మధ్యాహ్నం బయలుదేరవచ్చు. ఆ పూట బస్సుల్లో కాస్త ఊపిరాడుతుంది.

ప్రయాణం యాతనలో ఒక భాగమని, అది మనిషి తిండినీ నిద్రనూ దూరం చేస్తుందని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. అందుకే షరీఅత్ ముసాఫిర్‌కు సౌలభ్యాలిచ్చింది. హనఫీ ఉలమాల లెక్కలో 48 మైళ్లు, అంటే సుమారు 77 కిలోమీటర్ల దూరం వెళ్లేవారు దారిలో జోహర్, అసర్, ఇషా ఫర్జ్ నమాజులు నాలుగుకు బదులు రెండు రకాతులు చేస్తారు. నల్గొండ, మహబూబ్‌నగర్, వరంగల్, కర్నూలు ఈ హద్దు దాటినవే. భువనగిరి దాటదు. ఊరు చేరాక ఖస్ర్ ఉంటుందా లేదా అన్నది అది మీ సొంత ఊరా కాదా, అక్కడ ఎన్నాళ్లుంటారు అనేదానిపై ఆధారపడుతుంది. మీ ఆలిమ్‌ను అడిగి తెలుసుకోండి. రోజా విషయంలోనూ అల్ బఖరా సూరాలో ప్రయాణికునికి తరువాత పూర్తి చేసుకునే అనుమతి ఉంది. కానీ సహ్రీ వేళకు ఇంట్లోనే ఉండి పగలు బయలుదేరేవారు ఆనాటి రోజా ఉండవలసిందే. మనవారిలో చాలామందికి ఈ తేడా తెలియదు. ఫిత్రా మాత్రం బయలుదేరక ముందే ఇచ్చివేయండి. బస్సు ఆలస్యమై ఈద్ నమాజు వేళ దాటిపోతే పేదవాని పండుగ మీ జేబులోనే ఉండిపోతుంది.

దోమలగూడవాసులకు ఇంకొక సౌకర్యం ఉంది. 2020 ఫిబ్రవరిలో మొదలైన జేబీఎస్, ఎంజీబీఎస్ మెట్రో మార్గంలో చిక్కడపల్లి, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ స్టేషన్లు మనకు దగ్గరే. సామాను తక్కువగా ఉంటే రెండు బస్టాండ్లకూ ఆటోవాలాతో బేరం లేకుండా చేరవచ్చు. సామాను తక్కువగా ఉంటే అన్నాం! ఊళ్లో దొరకనిదేదో ఉన్నట్టు సేమ్యా నుంచి దుప్పట్ల దాకా మూటగట్టే అలవాటు మనది.

ఇక అసలు చిక్కు పనివారిది. దర్జీలు, బట్టల దుకాణాల్లో, బేకరీల్లో పనిచేసే కుర్రవాళ్లు చాంద్ రాత్ అర్ధరాత్రి దాకా కదలలేరు. వారు కోరుకుని ఆఖరి బస్సు ఎక్కరు. యజమానులు వదలరు గనుక ఎక్కుతారు. ఈ యజమానుల్లో అనేకులు మనవారే, తరావీహ్‌లో ముందు వరుసలో నిలబడేవారే. నలుగురు పనివారుంటే ఇద్దరిని రెండు రోజుల ముందు, ఇద్దరిని పండుగ తరువాత మూడు రోజులు పంపితే వ్యాపారం మునిగిపోదు. కూలీ డబ్బులు బస్సు ఎక్కే గంటలో కాదు, వారం ముందే చేతిలో పెట్టండి. టికెట్ కొనడానికి ఆ డబ్బే కావాలి.

ఊళ్లలో ఉన్న పెద్దలకు మా మనవి. చాంద్ రాత్‌కు రాలేదని కొడుకు మీద అలగకండి. ముఖ్యంగా ఆ కోపం కోడలి మీద చూపకండి. బాసీ రోజున వచ్చినవారికీ ఒక గిన్నె షీర్ ఖుర్మా అట్టిపెట్టండి.