ఇంటిని బడి చేయకండి!

సద్దుల బతుకమ్మను సాగనంపాం. జమ్మాకు పెద్దల చేతుల్లో పెట్టి దండాలు పెట్టాం. పిండివంటల డబ్బా అడుగంటింది. ఇక చదువు! పిల్లల సంచులు సర్ది, బడికి తోలేసి, హమ్మయ్య అని మీరంతా కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చునే రోజు అది. నాకా భాగ్యం లేదు. మా ఇంట్లో బడీ నేనే, పంతులమ్మా నేనే, అన్నం గంట కొట్టేదీ నేనే.

ఎందుకంటారా? 2020లో మా అమ్మాయి ఒకటో తరగతిలో చేరాల్సింది. కరోనాతో బడులు మూతపడ్డాయి. సెప్టెంబరు ఒకటిన టీవీ పాఠాలు మొదలైతే, అవి మూడో తరగతి నుంచి పైవాళ్ళకే. చిన్నవాళ్ళకు అమ్మే దిక్కు. మరుసటేడు సెప్టెంబరులో బడులు తెరిచారు గాని, అప్పటికే మా ఇద్దరికీ ఇంటిచదువు రుచి తెలిసింది. పదో తరగతి ఓపెన్ స్కూల్లో రాయించవచ్చులెమ్మని మావారు సరేనన్నారు. జగిత్యాలలో మా వీధివాళ్ళు మాత్రం ఇప్పటికీ సరేననలేదు. "బీయే చదివినవు, కథలు రాస్తవు. పిల్లను బడికి పంపకుంట ఇంట్ల గీ పిండి పిసుకుడేంది వదినా?" అని ఎదురింటావిడ కనిపించినప్పుడల్లా అంటూనే వుంటుంది.

నిజం చెప్పొద్దూ, ఈ పండగ తర్వాత నాకూ భయం పట్టుకుంది. పిల్ల రెండు వారాలుగా పుస్తకం ముట్టలేదు. గునుగు పూలకు రంగులద్దడం, కింది వరసకంటే పైవరస ఎంత తగ్గిస్తే బతుకమ్మ ఒరిగిపోకుండా నిలుస్తుందో కొలుచుకోవడం, ఇదే పని. అది చదువని నాకు తట్టలేదు సుమండీ! సోమవారం తెల్లారేసరికి గోడకు టైంటేబులు అంటించాను. తొమ్మిదింటికి లెక్కలు, పదింటికి ఇంగ్లీషు, పదకొండింటికి సైన్సు. చాలదన్నట్టు, చేతులతో చేసి నేర్చుకునే సామాను పెట్టె ఒకటి ఆన్‌లైన్లో తెప్పించాను. పద్దెనిమిది వందలు! అందులో ఏముందనుకున్నారు? జానెడు ప్లాస్టిక్ మగ్గం, నాలుగు రంగుల ఊలు. పిల్ల పది నిమిషాల్లో ఊలంతా చుట్టేసి "అయిపోయిందమ్మా, ఇంకేంది?" అంది.

సిరిసిల్లలో వున్న మా అక్కకు ఫోన్లో ఈ సంగతి చెబితే ఒకటే నవ్వు. "నేను సిరిసిల్లల వుండంగ నువ్వు డబ్బాల మగ్గం కొన్నవా? నీ తెలివి సల్లగుండ! పిల్లను తీస్కరా" అంది.

టైంటేబులును గోడకే వదిలేసి వేములవాడ మీదుగా బస్సెక్కాం. సిరిసిల్లలో మనుషుల మాటకంటే ముందు సాంచల చప్పుడు వినిపిస్తుంది. మరమగ్గాన్ని అక్కడ సాంచె అంటారు. 2017 నుంచి కొన్నేళ్ళపాటు సర్కారు పంచిన బతుకమ్మ చీరల్లో చాలావరకు అక్కడ నేసినవే. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన నల్ల పరంధాములుది ఆ ఊరే. అక్క వాళ్ళ పక్కింట్లో ఒక పెద్దాయన పిల్ల చేతికి స్కేలిచ్చి "అంగుళంల ఎన్ని పోగులున్నయో లెక్కపెట్టు బిడ్డా" అన్నాడు. మూడుసార్లు తప్పి, నాలుగోసారి యాభై రెండంది. బట్ట పన్నా నలభై ఎనిమిది అంగుళాలు. నేల మీద సుద్దతో గుణించింది: 2,496 పోగులు! ఇంట్లో గుణకారాలంటే కడుపునొప్పి వచ్చే పిల్ల అది.

"తాతా, నూలుకు గంజెందుకు పెడ్తరు?"

"ఒకటొకటి రాసుకుంటయి గద బిడ్డా. గంజి లేకుంటే నూగు లేచి తెగుతది."

ఆ రాత్రి అక్కయ్య ఇంట్లో ఒక దారాన్ని అన్నం గంజిలో ముంచి ఆరబెట్టింది. ఇంకోటి ఉత్తిది. రెంటినీ మంచం పట్టెకు రాపాడిస్తూ, ఏది ముందు తెగుతుందో చూస్తూ పదింటిదాకా కూర్చుంది. నేను చెప్పి చేయించింది కాదు.

ఆ ఉత్సాహంలోనే జగిత్యాలలో దిగకుండా నేరుగా కోరుట్లకు, మా పుట్టింటికి వెళ్ళాం. పక్కింటి చెల్లె అరుగు మీద ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. కట్టకు ఇరవై ఐదు, వెయ్యికి నలభై కట్టలు. కాగితం, పెన్సిలు అక్కర్లేని లెక్క! నాకు పూనకం వచ్చింది. "మా పిల్లతో కూడా ఒక తునికాకు కత్తిరించనియ్యవే, లెక్కలు బాగా వస్తయి" అన్నాను.

ఆమె చాట వెనక్కి లాక్కుంది.

"వద్దక్కా. నేను తొమ్మిదేండ్లకే చాట పట్టిన. దసరా సెలవులంటే మాకు ఇంకింత ఆకు. నా బిడ్డనైతే ఈ చాట కాడికి రానియ్య. నీ బిడ్డకు గిది ఆట. ఇసుగొస్తే లేచి పోతది. మేం లేస్తే ఇల్లెట్ల ఎల్తది?"

నా నోరు పడిపోయింది. చేతిపని గొప్పదని మనం వ్యాసాలు రాస్తాం. ఆ పని చేస్తూ పెరిగిన తల్లి మాత్రం తన బిడ్డ చేతికి కలం తప్ప ఇంకోటి అంటనివ్వదు. తప్పంటారా? 1986లో వచ్చిన బాలకార్మిక చట్టం పద్నాలుగేళ్ళలోపు పిల్లలు బీడీలు చుట్టకూడదంది. కాని ఇంట్లో కుటుంబంతో కలిసి చేసేదాన్ని వదిలేసింది. బీడీలు చుట్టేదే ఇళ్ళల్లో కదా! ఆ సందులోంచే ఎందరు ఆడపిల్లల చదువు జారిపోయిందో, మా కోరుట్ల అరుగుల నడిగితే చెబుతాయి.

1937లో వార్ధాలో గాంధీగారు చేతిపనే చదువుకు మూలం కావాలన్నారు. ఒప్పుకుంటాను. కాని పిల్లలు చేసిన సరుకుతోనే పంతులు జీతం గడవాలన్నారే, అక్కడ నాకు పేచీ. చాట పుట్టేది అక్కడే. అంతకు ముప్ఫై ఏళ్ళ ముందు, 1907లో, మరియా మాంటిస్సోరీ రోములో మొదటి బడి పెట్టింది పేద కూలీలుండే శాన్ లొరెంజో పేటలో. ఇప్పుడా పేరు తగిలించిన కొయ్యముక్కలను మనం వేలు పోసి కొని, పిల్ల ముందు పెట్టి, "కదలకు, నేర్చుకో" అంటున్నాం!

ఇంటికొచ్చి గోడ వైపు చూస్తే నాకు సిగ్గేసింది. ఆ చెల్లె కష్టంతో నా కాగితాన్ని పోల్చడం అన్యాయమే. కాని తొమ్మిది నుంచి పన్నెండుదాకా పిల్ల లేవకూడదని గీతలు గీసింది నేనే కదా? కూలి లేదు గాని, అదీ చాటే. చింపేశాను.

"అయితే పిల్లను గాలికొదిలేస్తావా?" అంటారు. లేదమ్మా. పొద్దున రెండు గంటలు నేను అన్నీ వదిలి పక్కన కూర్చుంటాను. ఆ కట్టుబాటు నాకు. పని పిల్ల చేతిలో వుంటుంది, ఎందుకని అడిగే హక్కూ, విసుగొస్తే లేచిపోయే హక్కూ పిల్లవే. లేస్తే లేవనీ! గంజి దారం కోసం రాత్రి పదింటిదాకా కూర్చుంది ఈ పిల్లే.

పిల్లల్ని బడికి పంపే తల్లులు నవ్వుకోకండి. రేపటికి ప్రాజెక్టు అంటే అర్ధరాత్రి దాకా థర్మకోల్ కోసేది ఎవరు? మీరు కాదూ? మార్కులు పిల్లకు, వేలు తెగేది మీకు. ఆ థర్మకోల్ ఇల్లు పిల్లనే వంకరగా కట్టనివ్వండి. పంతులమ్మ తిడితే నా పేరు చెప్పండి. సాయంత్రం హోంవర్కు కాగానే మళ్ళీ ట్యూషనుకు తోలకండి. సంక్రాంతికి సకినాల పిండి కలిపేటప్పుడు కిలో బియ్యం నానితే ఎంత తూగుతుందో పిల్లతో తూకం వేయించండి. చుట్టు వంకర పోయిందని చేతిలోంచి లాక్కోకండి.

ఆ రెండు పనులూ నేను చేసినదాన్నే, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. పిల్ల చేతికి ఏ పనైనా ఇచ్చే ముందు ఇప్పుడు ఒక్కటే చూసుకుంటున్నాను: ఇది వద్దనుకుంటే నా బిడ్డ లేచి పోగలదా? పోగలిగితేనే అది చదువు. కోరుట్ల అరుగు మీద చాట వెనక్కి లాగి ఆ చెల్లె నాకు చెప్పిన పాఠం ఇదే. బీయేలో ఎవరూ చెప్పలేదు.