ఉర్దూ పోస్టులు ఎవరి కోసం ఖాళీగా ఉన్నాయి?

ప్రతి డీఎస్సీ తరువాతా ఇదే తంతు. ఉర్దూ మాధ్యమ ఉపాధ్యాయ పోస్టులు కొన్ని నిండకుండానే మిగిలిపోతాయి. అర్హులు లేరా? ఉన్నారు. రెండేళ్ల డీఎడ్ లేదా బీఎడ్ పూర్తిచేసి, 150 మార్కుల టెట్ గట్టెక్కి, డీఎస్సీ రాసిన మన ఆడపిల్లలు ఇళ్లలో కూర్చుని ఉన్నారు. పోస్టు మాత్రం ఎస్సీ, ఎస్టీ రోస్టర్ పాయింటులో పడింది. ఆ వర్గాలలో ఉర్దూ మాధ్యమంలో చదివినవారు దాదాపు లేరు. కనుక అది తదుపరి నోటిఫికేషన్‌కు వెళుతుంది, అక్కడా నిండదు.

దళిత, గిరిజన సోదరుల రిజర్వేషన్‌ను మేము వేలెత్తి చూపడం లేదు. ఎన్నటికీ నిండని కుర్చీ వలన వారికి మాత్రం ఒరిగినదేమిటి? ఆ పాయింట్లను తెలుగు మాధ్యమ పోస్టులకు మార్చండి. మొత్తం లెక్కలో వారి వాటా తగ్గదు, పైగా నిజంగా ఉద్యోగం దక్కుతుంది. ఉర్దూ బడికి ఉర్దూ వచ్చిన పంతులమ్మ వస్తుంది.

ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతి కల్పించమని రాజ్యాంగం 350ఎ అధికరణంలో చెప్పింది. ఒకే టీచరు ఐదు తరగతులను చూసే బడికి ఏ తల్లి బిడ్డను పంపుతుంది? పంపకపోతే, పిల్లలు లేరంటూ బడినే ఎత్తివేస్తారు! ఈ తర్కం మాకు కొత్త కాదు.

మీ ఊరి ఉర్దూ బడిలో మంజూరైన పోస్టులెన్ని, ఖాళీలెన్ని, ఏ రోస్టర్‌లో ఎన్నేళ్లుగా ఉన్నాయి? సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు వేయండి. 30 రోజులలో జవాబివ్వాలి. వచ్చిన జవాబును మాకు పంపండి, అచ్చువేస్తాం.