బడి విడిచాక ఎవరు చూస్తారు?



2025 ఆఖరుకల్లా బాలకార్మికులు ఉండరాదని ఐక్యరాజ్యసమితి 2015లో గడువు పెట్టింది. గడువు దాటిపోయింది. 2024లో ఇంకా 13 కోట్ల 80 లక్షల మంది పిల్లలు పనిలోనే ఉన్నారని ఐ.ఎల్.ఓ., యూనిసెఫ్ తేల్చాయి. 2000లో 24 కోట్ల 60 లక్షలు. తగ్గింది, కాదనం.

మన దేశం 2016లో చట్టం సవరించి, 14 ఏళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టరాదంటూనే, ప్రమాదం లేని ఇంటి వృత్తిలో బడి విడిచాక సాయం చేయవచ్చని సందు వదిలింది. ఆ సందు ఎంత వెడల్పో షోలాపూరులో ఇంటినే కార్ఖానా చేసుకున్న మనకు తెలుసు. మనలో చాలామందిమి పలకతో పాటే కండెలు పట్టినవాళ్లమే. రాత్రి తొమ్మిదింటికి కండెలు చుట్టే పిల్లను ఏ ఇన్‌స్పెక్టరు వచ్చి చూస్తాడు? తండ్రిని తిట్టడం తేలిక. ఇంటిల్లిపాదీ చేయి వేస్తే తప్ప పీసు రేటు గిట్టడం లేదు.

అందుకే ఈసారి కోరికల పత్రంలో పీసు రేటు పెంపును మొదట పెట్టాం. దాని కిందే, పిల్లలు సాయంత్రం చదువుకోవడానికి దీపం ఉన్న ఒక గది అడిగాం.