కుళాయిని అప్పగించేస్తే ఎవర్ని అడుగుతాం?

మా వీధిలో తెల్లవారుజామున ఐదింటికి కుళాయి వస్తుంది, ఆరింటికి పోతుంది. ఆ గంటలోనే డ్రమ్ము, బిందెలు, బకెట్లు అన్నీ నిండాలి. అదీ మొదట వచ్చే ఎర్రనీళ్ళు వదిలేశాక. పెళ్ళయి ఈ ఊరొచ్చి పద్దెనిమిదేళ్ళు. నేను ఎన్నింటికి లేవాలో నిర్ణయించేది మా మున్సిపాలిటీయే.

మొన్న నీళ్ళు పట్టుకుంటుంటే ఎదురింటి వదిన, "వీళ్ళ వల్ల కాదు వదినా, ఏదైనా కంపెనీకి ఇచ్చేస్తే ఇరవై నాలుగు గంటలూ నీళ్ళొస్తాయి" అంది. మావారు కూడా అరుగు మీద నుంచి "కరెక్టే కదా" అని వంతపాడారు. బిందె మోసేది ఆయన కాదు కదా! నాకు ఒళ్ళు మండింది. అందుకే ఈ పోస్టు.

మున్సిపాలిటీని వెనకేసుకు రావడానికి రాయడం లేదు. మంచినీళ్ళ పైపు మురుగు కాలువ పక్కనుంచే పోతుంది. లీకని చెబితే ఫిట్టర్ వచ్చేసరికి వారం. నీళ్ళలో నిర్లక్ష్యం ఎంత దూరం వెళ్తుందో 2018లో గుంటూరులో చూశాం. తాగే నీళ్ళలో మురుగు కలిసి, అతిసారంతో మనుషుల ప్రాణాలే పోయాయి.

అయినా అప్పగించొద్దనే అంటాను. కూరగాయల బండివాడు పుచ్చు వంకాయలిస్తే రేపు ఇంకో బండి దగ్గర కొంటాం. పాలు పల్చబడితే పాలవాణ్ణి మారుస్తాం. కానీ వీధిలో పైపు ఒక్కటే. అది నచ్చకపోతే ఇంకో పైపు దగ్గరికి వెళ్ళలేం. కౌన్సిలర్‌నైతే ఐదేళ్ళకోసారి మార్చొచ్చు, ఈలోగా వాళ్ళ గుమ్మం ముందు బిందె పెట్టి కూర్చోవచ్చు. ముప్ఫై ఏళ్ళ కాంట్రాక్టు ముందు ఎక్కడ కూర్చుంటాం?

బొలీవియా దేశంలో కొచబాంబ అనే ఊళ్ళో 1999లో నీటి సరఫరాను 40 ఏళ్ళకు ఒక ప్రైవేటు సంస్థకు రాసిచ్చారు. బిల్లులు పెరిగిపోయి జనం వీధుల్లోకి వచ్చారు. 2000 ఏప్రిల్‌లో ఆ ఒప్పందం రద్దయింది. ప్యారిస్ నగరం పాతికేళ్ళు ప్రైవేటు చేతుల్లో ఉంచి, 2010లో నీళ్ళ పని వెనక్కి తీసుకుంది. మరుసటి ఏడాది ధర 8 శాతం తగ్గించింది.

నిజం చెప్పాలంటే, కొచబాంబలో ప్రభుత్వ సంస్థ చేతికి తిరిగొచ్చాక కూడా పేదవాడలన్నిటికీ నీళ్ళు అందలేదు. అంటే మన చేతిలో ఉంటే చాలదు, మనం అడగాలి కూడా.

అంత దూరం ఎందుకు, పూరీ చూడండి. 2021 నుంచి అక్కడ కుళాయి తిప్పి నేరుగా తాగే నీళ్ళు, రోజంతా ఇస్తున్నారు. నడిపేది ఒడిశా ప్రభుత్వ సొంత సంస్థ. ఇంటింటికీ తిరిగి మీటర్లు చూసేది, బిల్లు వసూలు చేసేది, నీళ్ళు పరీక్షించేది స్వయం సహాయక సంఘాల ఆడవాళ్ళు. మనలాంటి డ్వాక్రా అక్కచెల్లెళ్ళే!

ఇక మనవైపు తప్పులూ ఒప్పుకుందాం. మా ఇంట్లో రోజుకో క్యాను, ఇరవై రూపాయలు. నెలకు ఆరువందలు కిక్కురుమనకుండా ఇస్తాం. నెలకు వంద రూపాయల నీటి పన్ను మాత్రం ఏడాదిగా బాకీ! ఇంకో ఘనకార్యం, కుళాయికి నేరుగా మోటారు తగిలించి లాగడం. అలా లాగితే చివరి ఇళ్ళకు చుక్క రాదు సరికదా, పైపు పగుళ్ళలోంచి మురుగు కూడా లోపలికి వస్తుంది. మా వీధిలో ఐదు మోటార్లున్నాయి. ఒకటి మాది. ఈ వారమే తీయించేశాను. మావారు రెండు రోజులు మాట్లాడలేదు, ఫరవాలేదు.

ఇంకొకటి. మాది డెల్టా ఊరు. వేసవిలో కాలువ కట్టేస్తే మంచినీళ్ళ చెరువులో నింపుకున్నదే గతి. చెరువులో లేని నీళ్ళు కంపెనీ మాత్రం ఎక్కడ నుంచి తెస్తుంది? చెరువు పూడిక తీయమని, పాత పైపులు మార్చమని, నీటి పన్ను డబ్బు నీళ్ళకే ఖర్చు పెట్టి లెక్క బోర్డు మీద రాయమని అడగాలి. కుళాయి నీళ్ళలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. అది వీధి చివరి కుళాయి దగ్గర, మన కళ్ళముందు పరీక్షించి చూపించమనాలి.

మన ఆంధ్రాలో వార్డు సీట్లలో సగం ఆడవాళ్ళకే. అక్కడ కూర్చున్నావిడ కూడా తెల్లారి ఐదింటికి బిందె పట్టినావిడే. ఆవిణ్ణి అడగడానికి మొహమాటం దేనికి? సోమవారం మేం ఆరుగురం వెళ్తున్నాం. ముందుగా బాకీ పన్ను కట్టేసి, ఆ రసీదు చేత్తో పట్టుకుని మరీ అడుగుతాం. ఎదురింటి వదిన కూడా వస్తానంది.