హామీలు చాలవు, కొనుగోలు ఒప్పందాలు కావాలి

వాడేసిన బట్టల నుంచి కొత్త బట్టలు తయారుచేస్తామని పెద్ద బ్రాండ్లు ఏళ్లుగా చెబుతున్నాయి. కానీ దుస్తుల తయారీకి వాడే సరకులో తిరిగి దుస్తులుగా మారేది ఒక శాతం కూడా లేదని ఎలెన్ మెక్‌ఆర్థర్ ఫౌండేషన్ 2017లో లెక్కగట్టింది. సాంకేతికత లేకపోవడం ఇందుకు ఒక కారణమే. కంపెనీలు కలిసి ప్రకటనలు చేస్తున్నాయి గానీ, కలిసి నష్టభయాన్ని మోయడం లేదు. అసలు లోపం అక్కడుంది. స్వీడన్‌లోని రీన్యూసెల్ సంస్థనే చూడండి. పాత నూలు బట్టల్ని గుజ్జుగా మార్చి విస్కోస్ వంటి దారాలకు ముడిసరకు అందించేందుకు, ఏటా 60 వేల టన్నుల సామర్థ్యంతో 2022లో సుండ్స్‌వాల్‌లో కర్మాగారం తెరిచింది. అప్పట్లో హెచ్ అండ్ ఎం అందులో వాటాదారు. ఎన్నో బ్రాండ్లు మెచ్చుకున్నాయి. అయినా తగినన్ని ఆర్డర్లు రాక 2024 ఫిబ్రవరిలో సంస్థ దివాలా తీసింది. గుజ్జుకూ చొక్కాకూ మధ్య దారం తీసేవారు, నూలు వడికేవారు, నేసేవారు, కుట్టేవారు ఉంటారు. బ్రాండు ముందుగా ఆర్డరు ఖాయం చేయకపోతే వీరిలో ఎవరూ కొత్త సరకు కొనే ధైర్యం చేయరు.

బంగ్లాదేశ్ అనుభవం మరో దారి చూపుతోంది. 2020లో మొదలైన సర్క్యులర్ ఫ్యాషన్ పార్ట్‌నర్‌షిప్ అక్కడి ఫ్యాక్టరీలను, బ్రాండ్లను, రీసైక్లింగ్ సంస్థలను ఒకచోటికి చేర్చింది. కటింగ్ టేబుల్ దగ్గర మిగిలిన ముక్కల్ని అక్కడికక్కడే రంగును బట్టి, దారం రకాన్ని బట్టి వేరుచేయడం ఇందులో కీలకం. అన్నీ కలిసిపోయాక వేరుచేయడం ఖరీదైన పని. పైగా సాగే దారం కలిసిన నూలు రీసైక్లింగ్‌కు సులువుగా లొంగదు. తుక్కు ఎక్కడ పుట్టి ఎవరికి చేరిందో నమోదైతేనే రీసైక్లర్ నమ్మకంగా కొనగలడు.

రీసైకిల్ చేసిన దారం ఖరీదు ఎక్కువని, ధర పెరిగితే కొనుగోలుదారు పక్క దుకాణానికి వెళ్తాడని కంపెనీలు అంటాయి. ఒక్క కంపెనీయే ముందడుగు వేస్తే అది నిజం కావచ్చు. అందుకే చట్టం అందరికీ ఒకే నియమం పెట్టాలి. ఫ్రాన్స్‌లో మార్కెట్లో దుస్తులు అమ్మే సంస్థలే వాటి సేకరణ, పునర్వినియోగాల కోసం రుసుము చెల్లించే విధానం 2007 నుంచే ఉంది. మరో అభ్యంతరం మరింత న్యాయమైనది: పీలికలు ఏరి బతికే పేదల జీవనాధారం పెద్ద కంపెనీల ఒప్పందాలతో పోతుందేమో? పోకూడదు. వారి నైపుణ్యానికి నికరమైన వేతనం, పనిచోట భద్రత ఒప్పందంలోనే రాయాలి. వారిని గెంటేసే ఏర్పాటును పర్యావరణహితమనడానికి వీల్లేదు.

వరంగల్ కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు, అచ్యుతాపురంలోని బ్రాండిక్స్ దుస్తుల పార్కు వంటి చోట్ల ఫ్యాక్టరీలు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి, తుక్కును వేరుచేసి రీసైక్లింగ్‌కు పంపే పని మనకు మరీ కష్టం కాదు. ప్రభుత్వాలు ఇచ్చే రాయితీలకు తుక్కు వేరుచేయడాన్ని, దాని నమోదును షరతుగా పెట్టాలి. బ్రాండ్లు ఎంత రీసైకిల్ సరకు, ఎన్నేళ్లపాటు కొంటాయో లిఖితపూర్వకంగా చెప్పాలి. ఆ సంతకం లేని సహకారాన్ని ప్రచారంగానే లెక్కించాలి.